ఇరవై గుంటలు ఇంటికి, మిగిలిందే పత్తికి!



రోహిణి కార్తె నడుస్తోంది. ఇంకొన్ని రోజుల్లో మృగశిర. దుక్కి దున్ని పెట్టుకున్నవాళ్లు మొగులు వైపు చూస్తున్నారు, పెట్టుబడి దొరకనివాళ్లు సావుకారి వైపు చూస్తున్నారు. విత్తనాల దుకాణాల ముందు కొత్త బ్యానర్లు లేచాయి. ఈ సందులోనే ఒక్క మాట చెబుదామని ఈ కరపత్రం పంచుతున్నాం. మీకున్నది రెండెకరాలైనా నాలుగెకరాలైనా, పత్తి ప్యాకెట్ విప్పకముందే అందులోంచి ఇరవై గుంటలు కొలిచి పక్కన పెట్టండి. ఆ అరెకరం మన ఇంటి కంచానికి. పత్తి, మక్క, మార్కెట్ అన్నీ ఆ తర్వాతే.

వచ్చే అంగడినాడు కూరగాయల కుప్పల ముందు కాసేపు నిలబడి చూడండి. కొనేవాళ్లలో చాలామంది పట్టా పాసుపుస్తకం ఉన్నవాళ్లే. నాలుగెకరాల ఆసామి పావుకిలో పచ్చిమిర్చికి బేరమాడుతుంటాడు. చేను గెట్టు మీద చింతచెట్టు ఉన్నాయన చింతపండు తూకం వేయించుకుంటుంటాడు. ఆ వంకాయలు పట్నం మార్కెట్ నుంచి ఆటోలో వచ్చాయి. ఎవరి చేనులో కాశాయో, మందు కొట్టిన ఎన్నోనాడు కోశారో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు.

కందిపప్పుది ఇంకో విచిత్రం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం. అయినా దేశంలో పండేది చాలక మొజాంబిక్ నుంచి, టాంజానియా నుంచి, మయన్మార్ నుంచి కందులు ఓడల్లో దిగుతున్నాయి. వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి వచ్చేదే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాలది. కందులు, నువ్వులు, కుసుమలు, పల్లీలు పండే నేల మీద ఉండి మనం ఆ నూనె ప్యాకెట్లు కత్తిరించి పోసుకుంటున్నాం.

బియ్యం గురించి ఇక్కడ పేచీ లేదు. రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోలు వస్తున్నాయి, 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. అది మన హక్కు, ఎవరూ వదులుకోవద్దు. అయితే బియ్యం ఒక్కటే కంచం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. తిండి దొరక్క పస్తులుంటున్న ఇళ్లవి కావు ఈ అంకెలు. రెండు పూటలా తెల్లన్నం వండుకునే ఇళ్లవి కూడా. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్క ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అయిదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు, వారానికి పద్నాలుగు. అంగడి నుంచి తెచ్చిన సంచిని ఒకసారి కాటా మీద పెట్టి చూడండి, ఎన్ని కిలోలు తక్కువ పడుతున్నామో తెలుస్తుంది. సర్కారు బియ్యం ఇస్తుంది. ఆ బియ్యంలోకి పప్పు, కూర ఎవరిస్తారు?

ఇరవై గుంటలు ఎట్లా పంచుకోవాలో మా అనుభవంలో కుదిరినంత చెబుతాం. నేలను బట్టి మార్చుకోండి. చెలక, రేగడి ఒకటి కాదు.

పది గుంటల్లో జొన్న. జొన్న సాళ్ల మధ్య కంది, బొబ్బెర, అనుము. జొన్న కోత అయిపోయాక కంది అడ్డంగా పెరిగి చేనంతా పరుచుకుంటుంది, అనుము తీగ ఆ కందిని పట్టుకుని పైకి పోతుంది. అయిదు గుంటల్లో మొదటి వానకే పెసర. వరంగల్ పరిశోధన కేంద్రం వాళ్ల డబ్ల్యూజీజీ 42, అంటే యాదాద్రి రకం, అరవై అయిదు రోజుల్లోపే చేతికొస్తుంది. శ్రావణంలో పెసర కోసిన ఆ జాగ ఖాళీగా ఉండకూడదు. నల్లరేగడి అయితే యాసంగికి కుసుమ, శనగ, ఇన్ని ధనియాలు. కుసుమ ముళ్ల మొక్క, గెట్టు వెంబడి వేస్తే పశువులు లోపలికి దూరవు. మూడు గుంటల్లో నువ్వులు. మిగిలిన రెండు గుంటలు, అంటే 242 గజాలు, బావికో బోరుకో దగ్గరగా కూరగాయలు: వంకాయ, బెండ, గోరుచిక్కుడు, పుంటికూర, పచ్చిమిర్చి, తీగలకు కంచె మీద బీర, సొర, కాకర. మునగ, కరివేపాకు, నిమ్మ, బొప్పాయి ఇంటి దొడ్లో స్నానాల నీళ్లు పారే కాడ పెట్టుకుంటే చాలు, చేనుదాకా మోసుకుపోవాల్సిన పని లేదు. చుట్టూ అంచు మీద ఆముదం, బంతి వేయండి. ఆకు తినే లద్దెపురుగు ముందు ఆముదాన్నే పట్టుకుంటుంది, కాయతొలుచు పురుగు బంతిపూల మీద గుడ్లు పెడుతుంది. అక్కడే ఏరేస్తే సరి. మిగిలిన బంతిపూలు బతుకమ్మకు.

దీనికంతటికీ కావాల్సిన విత్తనం ఎంతంటే, జొన్న కిలో, పెసర కిలో, కంది ఒక కిలో లోపే, మిగతావన్నీ గుప్పెళ్లలో. 2025లో 475 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ 901 రూపాయలు. ఆ విత్తనం మళ్లీ వేసుకునేది కాదు, ఏటా కొనాల్సిందే. కంది, పెసర, బొబ్బెర, పుంటికూర విత్తనం ఒకసారి ఇంటికొస్తే మళ్లీ కొనే పని లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అరెకరం పత్తి పోతే ఎంత నష్టం? కాలమైతే మూడు నాలుగు క్వింటాళ్లు అనుకుందాం. 2025–26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. ఆ ధరే పూర్తిగా వచ్చిందనుకున్నా అందులోంచి విత్తనం, ఎరువులు, మందులు, కలుపు, ఏరుడు కూలీలు తీసేయాలి. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరకాలి. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు, అప్పుడు బయటి దళారికి ఎంతకు ఇచ్చామో ఎవరి మనసుకు వాళ్లకు తెలుసు. ఇటు పక్క చూడండి. అయిదుగురున్న ఇంట్లో రోజుకు పావుకిలో పప్పు వండితే ఏడాదికి 90 కిలోలు దాటుతుంది. కిలో నూటపది చొప్పున పట్టుకున్నా పదివేలు. కూరగాయలు, ఆకుకూరలు, జొన్నలు, పశువులకు చొప్ప వేరే. 2025–26లో కందుల మద్దతు ధర కిలోకు 80 రూపాయలు. మనమమ్మిన ఆ కందులే పప్పై ప్యాకెట్లో తిరిగొచ్చేసరికి వందకు పైమాటే.

ఇట్లా కూడి, తీసి చూస్తే ఒక ఏడాది మన అరెకరం గెలవొచ్చు, ఇంకో ఏడాది పత్తి గెలవొచ్చు. తిండి పంటలు వేస్తే లక్షలొస్తాయని చెప్పడానికి మేమేం విత్తనాల కంపెనీ కాదు. నూనె అంతా ఈ మూడు గుంటల నువ్వులతో ఎల్లదు. పండుగలకు, పచ్చళ్లకు, పిల్లల లడ్డూలకు సరిపోతుంది, మిగతాది కొనాల్సిందే. అయినా పత్తి మునిగిన ఏడాది ఇంట్లో కుండెడు పప్పు, గుమ్మి నిండా జొన్నలు ఉన్న ఇల్లు, అవి లేని ఇల్లు ఒకటి కాదు. సావుకారి ముందు కూర్చున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

పత్తిని పూర్తిగా వదలమని కూడా అనడం లేదు. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేయడం మన పెద్దలు చేసిందే, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పేదీ అదే. అది మన చేలల్లోంచి ఎందుకు పోయిందో గుర్తు చేసుకోండి. గడ్డిమందు వచ్చింది. సర్కారు అనుమతి లేని, గడ్డిమందును తట్టుకునే దొంగ పత్తి విత్తనం రాత్రిపూట ఊళ్లోకి దిగింది. పత్తి తప్ప పచ్చగా ఉన్న ప్రతిదాన్నీ ఆ మందు మాడ్చేస్తుంది. కంది సాలు ఉంటే మందు కొట్టలేం. మందు కొడితే కంది మిగలదు. కూలీలు దొరకడం లేదని మందును ఎంచుకున్నాం, ఆ ఇబ్బంది నిజమే. కానీ ఆ మందుతో పోయింది కంది ఒక్కటే కాదు.

విత్తకుండానే మొలిచే కూరలు ఎన్ని ఉండేవి! వానకాలం మొదలయ్యాక కలుపు తీయడానికి పోయిన అవ్వ పొద్దుగూకి వచ్చేటప్పుడు కొంగులో ఏదో ఒక కూర లేకుండా వచ్చేది కాదు. తుమ్మికూర, దొగ్గలికూర, గునుగు లేత ఆకు, గంగవాయిలి, చెన్నంగి, పొన్నగంటి, ఎలుకచెవి కూర. వినాయక చవితినాడు తుమ్మికూర తినందే పండుగ కాదనేవాళ్లు. గంగవాయిలి పప్పులో వేస్తే పులుపు వేరే అక్కర్లేదు. గునుగు పువ్వు బతుకమ్మకు, దాని లేత ఆకు కూరకు. వీటికి దున్నకం లేదు, విత్తనం ఖర్చు లేదు, ఎరువు లేదు. గెట్ల మీద, సాళ్ల సందుల్లో వాటంతటవే వచ్చేవి. వీటిని కలుపు అంటున్నాం, కొని తెచ్చిన మందుతో చంపుతున్నాం, తర్వాత అంగడిలో పది రూపాయలకు పాలకూర కట్ట కొంటున్నాం. ఇరవై గుంటలకూ దాని చుట్టూ ఉన్న గెట్లకూ గడ్డిమందు తగలనివ్వకండి. రెండు మూడు వానకాలాలు ఆగితే ఈ కూరలు మళ్లీ లేస్తాయి. వీటిని గుర్తుపట్టగలిగే అవ్వలు ఊళ్లో ఇంకా ఉన్నారు. పిల్లల్ని వాళ్ల వెంట ఒక పూట చేనుకు పంపండి. పత్తి చేనులో మందు కొట్టిన కాడ మొలిచినదాన్ని మాత్రం తెంపొద్దు.

మందు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. పత్తికి తెచ్చిన సీసాలో కొంచెం మిగిలిందని వంకాయ మీద చల్లేవాళ్లు మనలోనే ఉన్నారు. అది మన పిల్లలే తింటారు. కూరగాయల మడిని పత్తికి దూరంగా పెట్టండి, గాలి అటు నుంచి వీచే వైపు నాలుగు సాళ్లు జొన్న దడిలా వేయండి. పురుగుకు వేపగింజల కషాయం చాలు. అరకిలో గింజల పొడి గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడకట్టి, పది లీటర్లు చేసి, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రంపూట చల్లాలి. వేపపండ్లు రాలేది ఈ రోజుల్లోనే. ఇప్పుడు ఏరుకోకపోతే భాద్రపదంలో వెతికినా దొరకవు.

ఇదంతా మాకు కలలోకి వచ్చింది కాదు. పుస్తకాల్లోంచి తీసింది అంతకంటే కాదు. జహీరాబాద్ దిక్కుకు పోయి చూసిరండి. అక్కడ పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఆ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత ఆడవాళ్లు. ఒకటి రెండు ఎకరాల చెలకల్లో, బోరు లేకుండా, ఒకే చేనులో పదిహేను ఇరవై రకాలు కలిపి వేస్తారు. వాన లేని యాసంగిలో మంచుకే పండేవాటిని సత్యం పంటలు అంటారు. 1990లలో పడావు పడ్డ భూముల్ని సాగులోకి తెచ్చి, ఆ జొన్నలతో తమ ఊళ్లలో తామే రేషన్ నడిపారు. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర తీస్తారు. మాచునూరులో 2008 నుంచి వాళ్లకు సొంత సంఘం రేడియో ఉంది. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్లిచ్చే ఈక్వేటర్ ప్రైజు వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేశాక పట్నంలో కొర్రల బిస్కెట్లు అమ్ముతున్నారు. జహీరాబాద్ ఆడవాళ్లకు ఆ సంవత్సరం నలభై ఏళ్ల ముందే వచ్చింది. ఇటు జనగామ జిల్లా ఎనబావి 2006లోనే ఊరంతా రసాయన మందులు, ఎరువులు మానేసింది. అది కూడా మనలాంటి ఊరే.

ఇప్పుడు కోతుల సంగతి. మేం నోరు తెరిస్తే ముందు అడిగేది అదే కాబట్టి దాటవేయం. ఊళ్లో కూరగాయలు మానేసినవాళ్లలో చాలామంది కోతుల వల్లే మానేశారు, పల్లి మానేసినవాళ్లు అడవిపందుల వల్ల మానేశారు. నిర్మల్ జిల్లా చించోలిలో 2020లో కోతుల పునరావాస కేంద్రం పెట్టారు. మన ఊరి మంద వంతు వచ్చేదాకా కూర్చుంటే ఇంకో తరం పోతుంది. కోతులు అంతగా ముట్టనివి కొన్ని ఉన్నాయి: పుంటికూర, కాకర, మిరప, నువ్వులు, కుసుమ, పసుపు. మొదటి ఏడాది వీటినే ఎక్కువ వేయండి. అంతకంటే ముఖ్యం, ఒక్కొక్కరు ఒక్కో మూలన అరెకరం వేస్తే ఎవరిదీ మిగలదు. వీలున్నంతమంది ఊరికి ఒకే వైపు, ఆనుకుని ఉన్న చేలల్లో ఇరవై గుంటలు కేటాయిస్తే పది ఇళ్లకు ఒక కావలి సరిపోతుంది. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, వంతులవారీగా. భూమి వేరే దిక్కున ఉన్నవాళ్లు ఈ ఒక్క కారుకు గుంటకు గుంట మార్చుకున్నా తప్పు లేదు. అన్నదమ్ములు గెట్టు పంచాయితీలు కొన్నాళ్లు పక్కన పెట్టాలి. ఇది కష్టమని మాకూ తెలుసు.

మగవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. తిండి పంటలంటే విత్తడంతో అయిపోదు. కలుపు, కోత, ఎండబెట్టుడు, చెరుగుడు, పప్పు చేసుడు, వండుడు. ఇవన్నీ ఇప్పటికే మన ఇళ్లలో ఎవరి నెత్తిన ఉన్నాయో చెప్పక్కర్లేదు. పత్తి డబ్బులు మీ జేబుకు, తిండి పంటల చాకిరి ఆడవాళ్ల నడుముకు అయితే ఈ పని రెండో ఏడాదే ఆగిపోతుంది. కావలి వంతుల్లో, కలుపులో మగవాళ్ల పేర్లు కూడా రాయాలి. పప్పు విసిరే పని మహిళా సంఘం చిన్న పప్పుమిషన్‌కు అప్పగిద్దాం. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి ఇసుర్రాయిలో విసిరిన పప్పు రుచి వేరే, ఒప్పుకుంటాం. కానీ ఆ రుచి కోసం అవ్వ భుజాలు పడిపోవాల్సిన పని లేదు. జొన్నలను ఎట్లాగూ గిర్నీలోనే పట్టిస్తున్నాం.

కౌలుకు చేసేవాళ్లు అడుగుతారు: ఎకరాకు ఇంతని పైసలు కట్టాలి, పత్తి వేయకపోతే కౌలు ఎక్కడి నుంచి తెస్తామని. న్యాయమైన ప్రశ్న. అందుకే భూమి ఇచ్చే పట్టాదారులను పేరు పెట్టకుండా బహిరంగంగా అడుగుతున్నాం. రైతు భరోసా మీ ఖాతాలోనే పడుతోంది. కౌలుదారు ఇంటి తిండికి వేసుకునే ఇరవై గుంటలకు కౌలు తీసుకోకండి. ఇద్దరు ముగ్గురు ఒప్పుకుంటే మిగతావాళ్లు ఒప్పుకుంటారు. భూమే లేనివాళ్లకు ఇంటి దొడ్డి, గోడ మీద పాకే చిక్కుడు, నాలుగు నాటుకోళ్లు ఉన్నాయి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధనా సంస్థ వాళ్ల వనరాజా, గ్రామప్రియ రకాలు పెరట్లో తిరిగి మేసి గుడ్లు పెడతాయి.

పండించడం సగం పనే, దాన్ని తినడం మిగతా సగం. పెసలు ఇంటికొచ్చాక అవసరం వచ్చిందని బస్తా అమ్మేసి, మళ్లీ రెండు నెలలకు కిరాణాలో కొనడం మనకు అలవాటు. ముందు ఇంటికి ఏడాదికి సరిపడా తీసి పక్కన పెట్టండి, మిగిలితే అమ్మండి. గట్టిగా ఎండబెట్టి, ఎండిన వేపాకు కలిపి, మూత బిగించిన కాగుల్లో పెడితే పుచ్చదు. బెండ, గోరుచిక్కుడు, వంకాయ ఎక్కువ కాసినప్పుడు వరుగులు చేయండి, ఎండాకాలం పులుసులోకి వస్తాయి. పుంటికూర తొక్కు ఎట్లా పెట్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. బడి నుంచి వచ్చిన పిల్లలకు అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ బదులు బొబ్బెర గుడాలు, అనుముల గుడాలు పెట్టండి. మొదటి వారం మొహం ముడుచుకుంటారు, ఉల్లిపాయ తాలింపు వేసి చూడండి. సర్వపిండిలో నువ్వులు, బొబ్బెర్లు దండిగా వేయండి. సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది, పెసర సద్ది, మలీద ఈసారి కొన్న గింజలతో కాకుండా మన చేను గింజలతో చేద్దాం. జొన్న గటక రోజూ తినాలని మేం పట్టుబట్టం. ఆనాటి వాళ్లు ఇష్టంతో తిన్నది కొంత, వేరే దొరక్క తిన్నది కొంత. కానీ వారానికి రెండు పూటలు గటకలోకి పచ్చిపులుసు పోసుకుంటే ఎవరికీ చేటు కాదు, షుగర్ ఉన్నవాళ్లకు మంచిదని డాక్టర్లే రొట్టె తినమంటున్నారు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు గ్రామపంచాయతీ కాడికి రండి. రెండు పనులే. ఎవరెవరు ఏ దిక్కున ఇరవై గుంటలు పెడుతున్నారో పేర్లు రాసుకుని కావలి వంతులు వేసుకుందాం. తర్వాత విత్తనాలు పంచుకుందాం. మీ ఇంట్లో సొరబుర్రలో, ఉట్టి కుండలో, దూలానికి కట్టిన మూటలో ఏ విత్తనం ఉన్నా గుప్పెడు తెండి: పాత కంది, పొట్టి బెండ, నాటు కాకర, తెల్ల పుంటి, ఎర్ర పుంటి, ఏదైనా సరే. పేరు, ఎక్కడి నుంచి వచ్చిందో చిన్న చీటీ రాసి తెస్తే ఇంకా మంచిది. విత్తనం లేనివాళ్లు ఉత్త చేతుల్తో రావచ్చు, పంట వచ్చాక తీసుకున్నదానికి రెట్టింపు తిరిగి ఇస్తే చాలు. పురుగుమందు డబ్బాల్లో, గడ్డిమందు సీసాల్లో దాచిన విత్తనం మాత్రం తేవద్దు. ఎవరు తెచ్చినా తీసుకోం.

ఇట్లు
మీ ఊరి చిన్న రైతులు, కౌలు రైతులు, మహిళా సంఘాల అక్కలు